ఎడమ చెప్పు కరెంటాఫీసులో, కుడి చెప్పు మునిసిపాలిటీలో

మనిషికి రెండు పాదాలిచ్చి, రెండింటినీ ఒకే చోట నిలబెట్టడం సృష్టిలో జరిగిన అతి పెద్ద దుబారా అన్న సంగతిని లోకంలో మొట్టమొదట కనిపెట్టిన ఖ్యాతి వేణుగోపాలపట్నానికి దక్కుతుంది. చక్రాన్ని తొలిసారి దొర్లించినవాడు ఎవడో, నిప్పును తొలిసారి రాజేసినవాడు ఎవడో చరిత్ర చెప్పలేక నీళ్లు నములుతోంది. పాదాల విషయంలో అటువంటి అన్యాయం జరగకూడదన్న ఉద్దేశంతో, జరిగింది జరిగినట్టు, ఎవరి కీర్తికీ భంగం కలగకుండా ఇక్కడ నమోదు చేయడమైనది.

వేణుగోపాలపట్నం జనాభా ఎనభై వేలు. వారిలో ఏ పనిదినాన చూసినా రెండు వేలమందికి తక్కువ కాకుండా ఏదో ఒక కిటికీ ముందు నిలబడి ఉంటారు. కరెంటాఫీసు కిటికీ, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీల కిటికీ, రేషను డిపో కిటికీ, రిజిస్ట్రారాఫీసు కిటికీ. అన్నింటికీ తలమానికం వంటిది మునిసిపాలిటీలో నాలుగో నంబరు కిటికీ, అనగా జనన మరణ పత్రాల దిద్దుబాట్ల కౌంటరు. పత్రాలు ఇప్పుడు కంప్యూటరులోనే వస్తాయి. తప్పు పడడానికి యంత్రం చాలు. దిద్దడానికి మాత్రం మనిషి కావాలి. ఆ మనిషి నాలుగో నంబరు కిటికీ వెనక ఉంటాడు.

గంధం వీరభద్రరావు ఈ జనసముద్రాన్ని పదేళ్లపాటు తన జిరాక్సు దుకాణంలోంచి తిలకించి, నిలబడడమనేది బాధ కాదు, వృత్తి అని గ్రహించాడు. దుకాణం బోర్డు మీద పాత అక్షరాలు చెరిపించి 'శ్రీ నిరీక్షణ సర్వీసెస్: మీ బదులు మేము నిలబడతాం' అని రాయించాడు. ఫోను చేస్తే చాలు, సంస్థ తరఫున మనిషి వెళ్లి వరుసలో నిలబడతాడు. ముందు నలుగురు మిగిలారనగా కబురు పెడతాడు. ఖాతాదారు స్కూటరు మీద వచ్చి, తన చోటులో తాను నిలబడి, పని చేయించుకుని వెళతాడు.

అలా మొట్టమొదట నిలబడిన మనిషి పేరు యర్రంశెట్టి నూకరాజు. మూతపడిన సినిమా హాల్లో ఇరవై ఏళ్లు గేటు కాసినవాడు. గొడుగు వేసుకుని, రెండు కాళ్ల మీద బరువు సమంగా పంచుకుని, ఆరు గంటలు మాట పలుకు లేకుండా నిలబడగలడు. గర్భిణీ స్త్రీ కనిపిస్తే చోటిచ్చి వెనక్కి జరుగుతాడు. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఒక్కసారి కూడా వరుస తప్పి ముందుకు వెళ్లినవాడు కాడు. ఆ సంగతి ఊరికి తెలుసు. అందుకే అతను ముందు నిలబడి ఉంటే వెనకవాళ్లు తోసుకోరు.

అతనికి ఒక్కతే కూతురు, తనూజ. పదో తరగతిలో ఉంది. అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న మహిళా పాలిటెక్నిక్‌లో చేరాలని ఆ పిల్ల కోరిక. అభ్యంతరం ఒక్కటే. ఆమె జనన పత్రంలో 'పురుషుడు' అని ఉంది. పదిహేనేళ్లుగా ప్రభుత్వ దృష్టిలో ఆమె మగవాడు.

"ఊళ్లో వాళ్లందరి తప్పులూ దిద్దించడానికి నిలబడతావు గదా, మన పిల్ల తప్పు ఎప్పుడు దిద్దిస్తావయ్యా?" అని భార్య సత్యవేణి నెలకోసారి అడిగేది.

"ఖాళీ చూసుకుని నిలబడతానే" అనేవాడు నూకరాజు.

పన్నెండుమంది మనుషులతో, వారానికి వంద పిలుపులతో సంస్థ సుఖంగా ఉన్న ఆ రోజుల్లో వీరభద్రరావు నగరంలో ఒక పెద్ద హోటల్లో రెండు రోజుల సదస్సుకు వెళ్లాడు. తన దగ్గర ఉన్నది సంస్థ కాదనీ, వట్టి పని మాత్రమేననీ అక్కడ తెలుసుకున్నాడు. పనిని సంస్థగా మార్చడానికి తిరుగు ప్రయాణంలో మృణాళిని గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె సుస్థిర లాభదాయక విస్తరణ సలహాదారు. అంతకుముందు ఒక ఇస్త్రీ సంస్థను, బట్టల మీద ఆధారపడనవసరం లేని స్థాయికి తీసుకెళ్లిన అనుభవం ఆమెకుంది.

మృణాళిని గారు మొదటి రోజంతా కరెంటాఫీసు ఎదురుగా కుర్చీ వేయించుకుని, నూకరాజు నిలబడడాన్ని గడియారం పెట్టి పరిశీలించారు. సాయంత్రం విచారణ మొదలైంది.

"నూకరాజు గారూ, నిలబడి ఉన్నప్పుడు మీరు సంస్థ కోసం ఏం చేస్తారు?"

"నిలబడతానండి."

"అది తెలుస్తోంది. అది కాక?"

నూకరాజు చిత్తశుద్ధితో ఆలోచించాడు. "మధ్యలో కాలు మారుస్తానండి."

"ఎందుకు?"

"ఒక కాలు మీదే ఎక్కువసేపు ఉంటే తిమ్మిరెక్కుతదండి. కాసేపు ఇది, కాసేపు అది."

"అంటే ఏ సమయంలో చూసినా ఒక కాలే పనిచేస్తోంది. రెండోది విశ్రాంతిలో ఉంది."

"అలా అనుకోలేదండి ఎప్పుడూ."

"ఎవరూ అనుకోలేదు," అన్నారు ఆవిడ, పుస్తకంలో గీత గీస్తూ. "టీకి వెళ్లినప్పుడు?"

"చెప్పు వదిలి వెళతానండి. చెప్పుంటే మనిషున్నట్టే. ఎవరూ ముట్టుకోరు."

మృణాళిని గారి కలం ఆగింది. వీరభద్రరావు తరవాత పలు వేదికల మీద చెప్పుకున్నదాని ప్రకారం, ఆ క్షణాన గదిలో ఫ్యాను కూడా ఆగింది. అయితే అది కరెంటు కోత అని కరెంటాఫీసు వారి వివరణ.

మూడో రోజుకు 'పాద వినియోగ నివేదిక' తయారైంది. అందులోని సారాంశం ఇది: వరుసలో చోటును నిలబెడుతున్నది మనిషి కాదు, చెప్పు. మనిషి చెప్పుకు అదనపు భారం. చెప్పుకు టీ అక్కర్లేదు, తిమ్మిరెక్కదు, ఆదివారం అడగదు. మనిషికి రెండు చెప్పులున్నందువల్ల అతన్ని ఒకే వరుసకు పరిమితం చేయడం యాభై శాతం వృథా. కాబట్టి తక్షణమే ఎడమ చెప్పును ఒక కార్యాలయంలోనూ, కుడి చెప్పును వేరొక కార్యాలయంలోనూ నియమించవలెను.

మరుసటి సోమవారం నూకరాజు ఎడమ చెప్పు కరెంటాఫీసులోనూ, కుడి చెప్పు మునిసిపాలిటీలోనూ విధుల్లో చేరాయి. నూకరాజు రెండింటి మధ్యా వట్టి కాళ్లతో తిరుగుతూ, వరుస కదిలినప్పుడల్లా చెప్పును ఒక అడుగు ముందుకు జరిపేవాడు. రోడ్డు కాలుతోందని మనవి చేసుకుంటే, అది ఉద్యోగికి అతని పనిలోని చలనశీలతను గుర్తు చేస్తుందని మృణాళిని గారు వివరించారు. సంస్థ సామర్థ్యం ఒక్క వారంలో రెండింతలైంది.

రెండింతలైనది నాలుగింతలు కావాలంటే మనుషుల కాళ్లనున్న చెప్పులు చాలవు. వీరభద్రరావు టోకున ఆరువందల జతలు తెప్పించాడు. ఇక్కడే విస్తరణకు తొలి ఎదురుదెబ్బ తగిలింది. కొత్త చెప్పును జనం నమ్మలేదు. అరిగిన చెప్పు వెనక ఒక మనిషి ఉన్నాడని వారికి తెలుసు. కొత్త చెప్పు వెనక ఉన్నది దుకాణమే. మొదటి రోజు పెట్టిన అరవై జతల్లో నలభై సాయంత్రానికల్లా ఊళ్లోని వివిధ పాదాలకు చేరిపోయాయి.

ఆ విపత్తులోంచి అరుగుదల విభాగం పుట్టింది. నిలబడడానికి నియమించిన మనుషులందరినీ ఆ పని మాన్పించి, నడవడానికి నియమించారు. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా, కొత్తగా చేరినవారితో కలిపి ముప్పైమంది వయోజనులు హైస్కూలు మైదానంలో కొత్త చెప్పులు తొడుక్కుని గుండ్రంగా తిరిగేవారు. మడమ ఒక పక్కకు ఒరిగితే అది రెండో శ్రేణి. బొటనవేలి అచ్చు పడితే మొదటి శ్రేణి. తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చి ఉంటే అది సర్వోన్నత శ్రేణి. పిన్నీసు ఉన్న చెప్పును కదిలించే ధైర్యం ఈ ఊళ్లో ఎవరికీ లేదు. దాని యజమాని పేదవాడై, నోరు గలవాడై, దగ్గర్లోనే ఎక్కడో ఉండి ఉంటాడని జనాభిప్రాయం. సంస్థ పిన్నీసుల కోసం ఒక ప్రత్యేక గదిని కేటాయించింది.

నూకరాజును ముఖ్య నిలకడ అధికారిగా నియమించారు. ఏ చెప్పు ఎంత నమ్మదగిందో చూసి చెప్పడం అతని బాధ్యత. సొంత చెప్పులు మాత్రం తిరిగి రాలేదు. అప్పటికి అవి సంస్థలోకెల్లా సీనియర్ చెప్పులు. కీలక స్థానాల్లో ఉన్నాయి.

"ముఖ్య అధికారివయ్యావు గదా, ఇంక చెప్పులు కొనుక్కోరాదూ?" అంది సత్యవేణి.

"కొన్నానే. ఆఫీసుకెళ్లగానే బాగా అరిగాయని తీసుకున్నారు."

"ఎక్కడున్నాయి?"

"రిజిస్ట్రారాఫీసులో."

సత్యవేణి లేచింది. పసుపు కాస్త నూనెలో కలిపి అతని అరికాళ్ల పగుళ్లకు రాసింది.

ఇంతవరకు జరిగింది విస్తరణ. సుస్థిరత ఇంకా సాధించవలసి ఉంది. ఖాతాదారు ఫోను చేశాక చెప్పును పంపడమంటే, అగ్ని ప్రమాదం జరిగాక బావి తవ్వడం వంటిదని మృణాళిని గారి వాదం. చోటు ముందే సిద్ధంగా ఉండాలి. దానికి 'ముందస్తు నిరీక్షణ' అని పేరు పెట్టారు. ఎవరూ అడగకపోయినా అన్ని కిటికీల ముందూ, అన్ని రోజులూ, సంస్థ చెప్పులు బారులు తీరి ఉండసాగాయి. సొంతంగా నిలబడదామని వచ్చిన జనానికి వరుస తోక ఎక్కడుందో తెలిసేది కాదు. దొరికినా అది వీధి మలుపు తిరిగి, మేదరవాళ్ల బుట్టల దుకాణం దాటి, పాత బస్టాండు దగ్గర ఉండేది. అంత దూరం నడిచే బదులు వారు సంస్థకే ఫోను చేసేవారు. గిరాకీ పెరగడానికి ఇంతకన్నా సహజమైన మార్గం మరొకటి లేదు.

ఇది కమిషనరు కొల్లూరి సుందరేశ్వరరావు గారి కంటపడింది. ఆయన బాధపడ్డారనుకుంటే పొరపాటు. టేపు తెప్పించి, నాలుగో నంబరు కిటికీ నుంచి కొలిపించారు. నూట డెబ్బై రెండు మీటర్లు తేలింది. ఆ సందర్భంగా మునిసిపల్ ఆవరణలో చిన్న సభ జరిగింది.

"క్యూ అనేది ఏమిటి?" అని కమిషనరు గారు సభను ప్రశ్నించి, సమాధానానికి వ్యవధి ఇవ్వకుండా కొనసాగించారు. "పౌరుడికి ప్రభుత్వం మీద ఉన్న విశ్వాసాన్ని మీటర్లలో కొలిస్తే వచ్చేదే క్యూ. విశ్వాసం లేనివాడు నిలబడడు. మనకు నూట డెబ్బై రెండు మీటర్ల విశ్వాసం ఉంది. తదనుగుణంగా అదనపు కౌంటర్లు మంజూరు చేయవలసిందిగా పై అధికారులకు ప్రతిపాదనలు సమర్పించడమైనది. సంబంధిత సేవా సంస్థ సహకారాన్ని ఈ కార్యాలయం సముచితంగా పరిగణనలోకి తీసుకోవడమైనది."

ఎండకు రబ్బరు వంకరపోతోందని వీరభద్రరావు అర్జీ పెట్టుకోగా, మునిసిపాలిటీ ఖర్చుతో షామియానా వేశారు. దాని గుంజకు 'ఈ నీడ క్యూలో ఉన్నవారికి మాత్రమే' అని ఒక బోర్డు కట్టారు. క్యూలో ఉన్నవి చెప్పులు. కనుక చెప్పులు నీడలో ఉన్నాయి. జనం ఎదురుగా గోడవార ఎండలో నిలబడి, నిబంధనను గౌరవించారు.

సంస్థ కీర్తి ఈ విధంగా పరిఢవిల్లుతుండగా మృణాళిని గారు ఒక రంధ్రాన్ని కనిపెట్టారు. నిర్వాహక సమావేశంలో ఆ సంగతి ప్రకటించినప్పుడు వీరభద్రరావు ముఖం పాలిపోయిందని చెబుతారు.

"సార్, మన ఆస్తి ఏమిటి?"

"చోట్లు మేడమ్."

"ఖాతాదారు కిటికీ దగ్గరికి చేరి, పని చేయించుకుని వెళ్లిపోయినప్పుడు ఏమవుతోంది?"

"సంతోషిస్తాడు."

"మనకేమవుతోందని అడుగుతున్నాను. అప్పటిదాకా నెలనెలా చందా కడుతూ నిరీక్షిస్తున్న మనిషి, పని అయిపోగానే మానేస్తాడు. ఒక చోటు పోయింది, ఒక ఖాతాదారు పోయాడు. అంటే మనం సేవ అందించిన ప్రతిసారీ సంస్థ కొంచెం కొంచెం చచ్చిపోతోంది."

ఇంత కాలంగా తమ చేతులతో తామే సంస్థకు చేసుకుంటున్న ద్రోహం వారందరికీ ఒక్కసారి అర్థమైంది.

"అయితే ఏం చేద్దాం?" అన్నాడు వీరభద్రరావు.

"చెప్పుల్ని జరపడం మానేద్దాం."

"ఖాతాదారులు అడిగితేనండి?" అన్నాడు చివరి కుర్చీలోంచి నూకరాజు.

"మీ చోటు భద్రంగా ఉందని సందేశం పంపుతాం. అది అబద్ధం కాదు గదా?"

అబద్ధం కాదు. అసలు అంత భద్రంగా ఏ చోటూ ఎన్నడూ లేదు. జరిపే సిబ్బందిని ఆ మర్నాడే సందేశాల విభాగానికి మార్చారు. ప్రతి ఖాతాదారుకూ ప్రతి ఉదయం 'మీ చెప్పు క్షేమం' అని ఫోనులో సందేశం, వెంట ఒక ఫోటో వెళ్లేవి. చాలామంది తృప్తి చెందారు. అన్ని కిటికీల ముందూ చెప్పులు స్థిరపడ్డాయి. సుస్థిరత అంటే ఏమిటో వేణుగోపాలపట్నం కళ్లారా చూసింది.

సరిగ్గా ఆ నెలలో తనూజకు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. పత్రాల పరిశీలన శనివారం పొద్దున్న పది గంటలకు. దిద్దిన జనన పత్రం లేకపోతే మహిళా కళాశాలలో సీటు లేదు, రెండో విడత లేదు. మునిసిపాలిటీ శుక్రవారం సాయంత్రం అయిదుకు మూస్తారు.

నూకరాజు మంగళవారం నాడే యజమాని గదిలోకి వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, నాలుగో నంబరు దగ్గర నాకు ఒక చోటు ఇప్పించాలండి. పిల్ల పత్రం దిద్దించుకోవాలి."

"దానికేం నూకరాజూ, నువ్వు మా మనిషివి," అని వీరభద్రరావు మృణాళిని గారి వైపు చూశాడు. ఆ మధ్య అతనికి అటు చూడడం అలవాటైంది.

"ఉద్యోగి స్వయంగా లబ్ధిదారు కావడం సంస్థాగత ప్రయోజనాల సంఘర్షణ కిందికి వస్తుంది," అన్నారు ఆవిడ, ఎంతో మృదువుగా. "కానీ ఒక సామాన్య ఖాతాదారుగా దరఖాస్తు చేసుకునే హక్కు మీకు సంపూర్ణంగా ఉంది నూకరాజు గారూ. మన ఆఫీసులోనే బుకింగ్ కిటికీ ఉంది."

బుకింగ్ కిటికీ ముందు వరుస ఉంది. అందులోనూ సంస్థ చెప్పులే ఉన్నాయి. వరుసలో చోటు కొనుక్కోవడానికి నిలబడవలసిన వరుసలో కూడా మనుషుల తరఫున సంస్థే నిలబడుతోంది. నూకరాజు సంఖ్య రెండువందల పన్నెండు. ముందస్తుగా ఉన్నవారంతా నిరీక్షణ చందాదారులే గనుక, ఎవరూ ముందుకు కదిలే అవకాశం లేదు.

"అయ్యగారూ, ఎనిమిదేళ్లు నిలబడ్డానండి," అన్నాడు నూకరాజు వీరభద్రరావుతో, వసారాలో.

"నాకు తెలుసు నూకరాజూ. నిన్ను చూస్తే నాకు గౌరవం. కానీ ఇప్పుడిది సంస్థ. నా చేతుల్లో లేదు."

శుక్రవారం మధ్యాహ్నం సత్యవేణి అన్నం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"తింటున్నావా, ఆలోచిస్తున్నావా?"

"తింటున్నానే."

"ముద్ద చేతిలోనే ఉంది. ఊరందరికీ నిలబడ్డావు. సుబ్బారావు గారి గొడ్డుకి ఇన్సూరెన్సు కాయితం కోసం రెండు రోజులు నిలబడ్డావు. నీ పిల్ల మగపిల్లాడు కాదని చెప్పడానికి మాత్రం నీకు చోటు లేదు."

"తోసుకుని వెళ్లలేను వేణీ. ఆ పని నా వల్ల కాదు."

"తోసుకోమని ఎవరన్నారు? నీ కాళ్ల మీద నువ్వు నిలబడు. చెప్పులు లేకపోతే పోయె, కాళ్లున్నాయి గదా."

తనూజ గుమ్మం దగ్గర నిలబడి జుట్టు అల్లుకుంటోంది. దరఖాస్తు కాగితం, పాత పత్రం, ఆసుపత్రి చీటీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి తండ్రి చేతికిచ్చింది.

రెండూ ముప్పావుకు నూకరాజు మునిసిపాలిటీ చేరాడు. షామియానా కింద మూడువందల నలభై చెప్పులు ఒద్దికగా నాలుగో నంబరు కిటికీ వైపు ముఖం పెట్టి ఉన్నాయి. వరుసలో మనిషన్నవాడు లేడు. నూకరాజు అన్నింటి చివరికీ వెళ్లి, కాలుతున్న నేల మీద వట్టి కాళ్లతో నిలబడ్డాడు. పది నిమిషాలు గడిచాయి. వరుస కదలలేదు. కదలదని ఊళ్లో అందరికంటే అతనికే బాగా తెలుసు.

వేణుగోపాలపట్నం వరుసలకు ఒక పాత మర్యాద ఉంది. ముందున్న చెప్పు తాలూకు మనిషి ఎంతకీ రాకపోతే, వెనకవాడు మూడుసార్లు పిలవాలి. మూడు పిలుపులకూ పలుకు లేకపోతే ఆ చోటు వెనకవాడిది. ఇందులో తోపులాట లేదు, దౌర్జన్యం లేదు. ఇది ధర్మబద్ధమైన ముందడుగు.

నూకరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఏవండీ, ఈ చెప్పు ఎవరిదండీ? వస్తున్నారా?" అని మూడువందల నలభయ్యో చెప్పును అడిగాడు. కాస్త ఆగి మళ్లీ అడిగాడు. మరోసారి అడిగాడు. చెప్పు మౌనం వహించింది. దాన్ని కాలితో తాకకుండా, పక్కనుంచి దాటి ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఏవండీ, ఈ చెప్పు ఎవరిదండీ?"

గోడవారనున్న జనం మొదట నవ్వారు. అతను ఇరవై చెప్పులు దాటేసరికి నవ్వడం మానేశారు. ఒక్క చెప్పును కూడా వదలకుండా, ఒక్క పిలుపు తగ్గించకుండా అతను అడుగుతూనే ఉన్నాడు. నూట ముప్పయ్యో చెప్పు అతని సొంత కుడి చెప్పు. దాన్నీ మూడుసార్లు అడిగాడు. నాలుగుంపావుకు అతని ముందు ఇంకా నూరు చెప్పులున్నాయి.

అప్పటికి సంస్థకు కబురు అందింది. వీరభద్రరావు, మృణాళిని గారు కారు దిగి వచ్చారు.

"నూకరాజూ, ఏం చేస్తున్నావు? సంస్థ ఆస్తిని దాటేస్తున్నావు."

"దాటడం లేదండి. అడుగుతున్నాను."

"చెప్పుల్ని అడిగితే అవెలా పలుకుతాయయ్యా?"

గోడవారనున్న ఒక ముసలాయన, "అదేనయ్యా మేమూ అడుగుతున్నది," అన్నాడు.

మృణాళిని గారు పరిస్థితిని వెంటనే గ్రహించారు. "సార్, పిలుపుకు సమాధానం లేకపోవడమే మన లోపం. మీరే సమాధానం ఇవ్వండి. చెప్పు తరఫున ప్రతినిధిగా."

నూకరాజు తరవాతి చెప్పును పిలిచాడు. వీరభద్రరావు ముందుకు వచ్చి, "ఉన్నాను," అన్నాడు.

"ఉన్నారాండీ?" నూకరాజు వినయంగా వెనక్కి జరిగాడు. "అయితే నిలబడండి. మీ ముందున్న చెప్పును పిలవండి. మీరు కదిలితే మీ వెనక నేను కదులుతాను."

వీరభద్రరావు నిలబడ్డాడు. ముందు తొంభై తొమ్మిది చెప్పులు, అన్నీ తనవే. పిలిస్తే పలకవు. పలకకపోతే చోటు ఖాళీ అయినట్టు తానే ఒప్పుకోవలసి వస్తుంది. పిలవకపోతే తాను అక్కడే ఉండాలి. చొక్కా వీపుకు అంటుకుంది. అయిదు నిమిషాలకు బరువు ఎడమ కాలి మీద వేశాడు. ఏడు నిమిషాలకు కుడి కాలి మీదకు మార్చాడు. నూకరాజు వెనక నిలబడి, షామియానా సందులోంచి ఎండ పడుతోందని తన గొడుగు తీసి యజమాని నెత్తిన పట్టాడు.

"నీకు తిమ్మిరెక్కదా నూకరాజూ?" అన్నాడు వీరభద్రరావు, వెనక్కి తిరగకుండా.

"ఎక్కుతదండి. మార్చుకుంటూ ఉండాలి."

పదకొండో నిమిషంలో వీరభద్రరావు ఏదో ముఖ్యమైన ఫోను వచ్చినట్టు జేబు తడుముకుని, కారు వైపు నడిచాడు. మృణాళిని గారు వెంట నడుస్తూ, ప్రతినిధుల విభాగానికి ఎంతమంది కావాలో లెక్క వేస్తున్నారు. కారులో ఏసీ వేయించుకుని కూర్చున్న యజమాని కాసేపు షూ విప్పుకుని పాదాలు పిసుక్కున్నాడని డ్రైవరు తరవాత చెప్పాడు.

నూకరాజు ఆ ఖాళీ చోటును కూడా మూడుసార్లు పిలిచాడు. అప్పుడే ముందుకు జరిగాడు. నాలుగున్నర అయింది. ఇంకా తొంభై తొమ్మిది. గొంతు బొంగురుపోయింది. గోడవారనున్న ముసలాయన వచ్చి పక్కన నిలబడి, రెండో పిలుపు తాను అందుకున్నాడు. ఇంకో ఆడమనిషి వచ్చి మూడోది అందుకుంది. మొదటి పిలుపు మాత్రం నూకరాజు ఎవరికీ ఇవ్వలేదు. ముగ్గురూ వరుసగా, కీర్తన పాడినట్టు, చెప్పు తరవాత చెప్పును ప్రశ్నించుకుంటూ వెళ్లారు.

అయిదుకు నాలుగు నిమిషాలుందనగా నూకరాజు నాలుగో నంబరు కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

లోపల పద్మనాభం అనే గుమాస్తా చెక్కపలక మీద తల ఆనించి ఉన్నాడు. చప్పుడుకు లేచి, కిటికీలో మనిషి ముఖం చూసి కొంచెం కంగారుపడ్డాడు. ఆ కిటికీలోంచి ఎదుటి గోడ పైభాగం తప్ప మరేమీ కనిపించదు.

"ఎవరు నువ్వు?"

"తరవాతివాణ్ణండి."

పద్మనాభం కవరు అందుకున్నాడు. ఆసుపత్రి చీటీ చూశాడు, పాత పత్రం చూశాడు. కళ్లజోడు సర్దుకుని 'పురుషుడు' మీద అడ్డంగా ఒక గీత గీశాడు. కలం పడలేదు. కాగితం మూల మీద రెండుసార్లు గీకి, పని చేయించాడు. ముద్ర కోసం ప్యాడు తెరిస్తే ఎండిపోయి ఉంది. గ్లాసులోంచి రెండు చుక్కల నీళ్లు చల్లి, గట్టిగా నొక్కాడు. కంప్యూటరులో నాలుగు మీటలు నొక్కి, కొత్త పత్రం తీసి, సంతకం పెట్టాడు. మొత్తం మూడు నిమిషాలు పట్టింది.

"పిల్ల పేరు తనూజేనా?"

"అవునండి."

"స్త్రీ," అన్నాడు పద్మనాభం, కాగితం చేతికిస్తూ. "సరిచూసుకో."

నూకరాజు రెండు చేతులతో అందుకుని చూసుకున్నాడు. వెనక ముసలాయన, "ఏం రాశాడు, ఏం రాశాడు?" అంటున్నాడు.

సరిగ్గా అదే వేళకు పై అంతస్తులో కమిషనరు గారికి పై అధికారుల నుంచి ఉత్తర్వు అందింది. నాలుగో నంబరు కిటికీ వద్ద అసాధారణ ప్రజా రద్దీని పురస్కరించుకుని ఆరు అదనపు కౌంటర్లు, పద్దెనిమిదిమంది సిబ్బంది, శాశ్వత షామియానా మంజూరయ్యాయి. సుస్థిర లాభదాయక విస్తరణకు గాను శ్రీ నిరీక్షణ సర్వీసెస్‌ను జిల్లా స్థాయి ప్రశంసాపత్రానికి సిఫారసు చేశారు.

కింద పద్మనాభం దిద్దుబాట్ల రిజిస్టరు తెరిచి, ఆ రోజు తేదీ వేశాడు. జూన్ ఇరవై ఏడు. ఆ నెల వరుస సంఖ్య గడిలో ఒకటి అని రాసి, ఇంటికి వెళ్లిపోయాడు.